నాన్న మాట పూర్తయ్యేదాకా

మా చెల్లెలు ఆటలు తయారుచేస్తుంది. ఈ మాట అనగానే ఎదుటివాళ్ళు చెక్కబొమ్మలా, ప్లాస్టిక్ బొమ్మలా అని అడుగుతారు. కంప్యూటర్లో ఆడే ఆటలండీ అంటే, "ఓహో, తుపాకులతో కాల్చుకోవడమా" అని పెదవి విరుస్తారు. ఒకప్పుడు ఓపిగ్గా వివరించేవాణ్ణి. ఇప్పుడు "అవును, తుపాకులే" అనేసి నా దారిన నేను పోతున్నాను. నేను డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. నాకున్న ఓపికంతా క్లచ్చి మీంచి కాలు తియ్యడం చేతకాని శిష్యులకే ఖర్చయిపోతుంది. ఇంటికి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఆమె చేసింది తుపాకుల ఆట కాదు. కుట్టుమిషన్లు బాగుచేసే ఒక కొట్టు. అందులో బల్ల ముందు ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. ఆడేవాళ్ళు తమ పాడైన మిషను మోసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాలి. అంతే ఆట. మొదటిసారి విన్నప్పుడు, "దీనికోసమా ఉద్యోగం మానేశావు?" అని అరిచాను. ఆమె కంప్యూటరు వైపు తిరిగి, ఆ ముసలాయన కళ్ళజోడు ముక్కు మీంచి ఇంకొంచెం కిందికి జరిపింది. అప్పుడు చూశాను. ఆ కూర్చోవడం, సూదిని వెలుతురుకి ఎత్తి చూడడం, అన్నీ మా నాన్నవే.

మా నాన్న కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇంటి ముందుగది కొట్టు, వెనక వంటిల్లు, మేడమీద రెండు గదులు. అందులో ఒకదాన్నిండా బాబిన్లు, షటిళ్ళు, తోలు బెల్టులు, పనికొస్తాయో రావో తెలియని ఇనప సామాను. ఆ గదిలోనే ఒక మూల జరిపించుకుని చెల్లెలు తన బల్ల వేసుకుంది. ఆమె కంప్యూటరు మీద ఎప్పుడూ మిషను నూనె వాసన వస్తుంది. చిన్నప్పుడు కూడా బొమ్మలు ఇస్తే పక్కన పడేసి నాన్న స్క్రూడ్రైవరు కోసం ఏడ్చేది. పెద్ద చదువు చదివింది, ఒక పెద్ద ఆఫీసులో చేరింది, అక్కడ జనం ఏ బొత్తాం ఎంత తొందరగా నొక్కుతారో లెక్కలు వేసే పని ఇచ్చారు. కొన్నేళ్ళు చేసింది. ఒకరోజు బ్యాగుతో సహా ఇంటికొచ్చి, "ఇంక వెళ్ళను" అంది. కారణం అడిగితే, "జనాన్ని తొందరపెట్టడమే నా పని అయిపోయింది అన్నయ్యా" అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నాన్నకి పక్షవాతం వచ్చి తగ్గింది ఆ తర్వాతే. చేతులు తిరిగొచ్చాయి. సూదిలో దారం ఇప్పటికీ ఒక్కసారికే ఎక్కిస్తాడు. మాటే పూర్తిగా తిరిగి రాలేదు. ఏం చెప్పాలో ఆయనకి బాగా తెలుసు. కానీ మాట గుమ్మం దాకా వచ్చి, చెప్పులు వెతుక్కుంటున్నట్టు అక్కడే నిలబడిపోతుంది. ఎంతసేపు నిలబడుతుందో చెప్పలేం. ఇంత పనుల్లో అంతసేపు ఎవరు ఆగుతారు? ఇంట్లో అందరం ఆయన మాట మేమే పూర్తిచేసేస్తాం. "నీ..." అంటాడు. మా ఆవిడ పరుగున వెళ్ళి నీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిస్తుంది. ఆయన చెప్పబోయింది "నీ కొంగు తలుపులో పడింది" అని కావచ్చు. ఆయన మాత్రం నీళ్ళు తాగేసి గ్లాసు తిరిగి ఇచ్చేస్తాడు. కొట్టుకి వచ్చేవాళ్ళూ అంతే. "బెల్..." అనగానే "బెల్టు మార్చాలా, మార్చెయ్యండి" అంటారు. ఆయన తల ఊపుతాడు. ఎదురుచెప్పడానికి మళ్ళీ మాటలే కావాలిగా.

ఆగేది మా చెల్లెలు ఒక్కతే. ఆయన మొదలుపెడితే చేతిలో పని పక్కనపెట్టి ముఖంలోకి చూస్తూ ఉంటుంది. గొంతు సవరించదు, తల ఊపదు, "ఊఁ, చెప్పు" అని కూడా అనదు. ఆట మొత్తం ఆ ఆగడంలోంచే పుట్టింది.

ఆటలో మనం మిషను తెచ్చి బల్ల మీద పెడతాం. ముసలాయన చక్రం తిప్పి చూస్తాడు. మన ముఖం చూస్తాడు. "ఇది... బాగు..." అని ఆగిపోతాడు. అప్పుడు మన చేతిలో ఉన్న కంట్రోలర్ మీద ఏ బొత్తాం నొక్కినా, మన పాత్ర ఆయన మాట అందుకుని "బాగుపడదంటారా?" అనేస్తుంది. ఆయన పాపం తల ఊపుతాడు. మిషను పాత ఇనుములోకి పోతుంది. అక్కణ్ణించి కథ ఇంకో దారి పడుతుంది, నవ్వొచ్చే సంగతులు చాలానే జరుగుతాయి. ఏమీ నొక్కకుండా ఊరికే ఉంటే మాత్రం, చాలాసేపటికి, ఆయన మాట పూర్తిచేస్తాడు. "...చెయ్యక్కర్లేదు. నువ్వు... కాస్త... మెల్లగా... తొక్కు."

ఆ గొంతు నాన్నదే. రికార్డు చేసింది నా కారులో. ఇంట్లో వీధి గోల, కొట్టులో సుత్తి గోల. అద్దాలన్నీ ఎక్కించుకుని, నా డ్రైవింగ్ స్కూలు బోర్డున్న కారులో ముందు సీట్లో నాన్న, వెనక సీట్లో మైకు పట్టుకుని చెల్లెలు. నేను బయట నిలబడి హారన్లు కొట్టేవాళ్ళ మీద కేకలు వేస్తూ కాపలా కాశాను. ఆయన ఎంతసేపు తీసుకుంటే అంతసేపూ ఆమె అలాగే ఉంచేసింది. మధ్యలోని మౌనాన్ని ఒక్క వేలెడు కూడా కత్తిరించలేదు.

కత్తిరించమన్నవాడు వేరే ఉన్నాడు. ఆటలు కొని లోకానికి అందించే ఒక కంపెనీ తరఫున మాట్లాడే పెద్దమనిషి. నేను కత్తెరబాబు అని పేరుపెట్టాను. మనిషి చెడ్డవాడేం కాదు. ఆటని మెచ్చుకున్నాడు, బొమ్మల్ని మెచ్చుకున్నాడు. ఆ మౌనం ఒక్కటి తీసేస్తే తమ కంపెనీ పేరుతో విడుదల చేస్తామన్నాడు. "అంతసేపు ఎవరూ ఆగరమ్మా. పాడైపోయిందనుకుని కట్టేస్తారు" అన్నాడు. ఆ కంపెనీ చెయ్యి లేకపోతే రోజూ పుట్టే వేల ఆటల్లో ఇదీ ఒకటై, అడుగున పడిపోతుంది. చెల్లెలు వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి ఆయనతో, "ఆటల ప్రదర్శన ఉంది కదండీ. అక్కడ జనం ఎలా ఆడతారో నా కళ్ళతో చూస్తాను. ఆగితే ఉంచుతాను. ఆగకపోతే తీసేస్తాను" అంది. ప్రదర్శన ఆఖరి రోజు మధ్యాహ్నం వస్తాను, అప్పుడు చెప్పు అన్నాడాయన.

అలా నా కారు డిక్కీలో స్క్రీను, బల్లగుడ్డ, వైర్ల చుట్టలు వేసుకుని ఆ ప్రదర్శనకి వెళ్ళాం. విమానాలు నిలబెట్టుకోవచ్చు, అంత హాలు. నేలంతా తివాచీ, దానికింద వైర్లు, వాటిమీద టేపు, ఆ టేపు మీద తట్టుకుని పడే జనం. పెద్ద కంపెనీలకి మిద్దెలంత స్టాళ్ళు. చివర బాత్‌రూముల దారిలో మాలాంటి వాళ్ళకి ఒక్కో బల్ల. మా పక్క బల్ల ఇద్దరు కుర్రవాళ్ళది. కార్ల పందెం ఆట. అందులో కార్లు నడిపే తీరు చూస్తే నాకు పొద్దున్నే తలనొప్పి వచ్చింది.

ఇలాంటి చోట బల్ల వెనక నిలబడేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉందట. ఆడేవాళ్ళకి ఏమీ చెప్పకూడదు. ఇక్కడ నొక్కండి, అటు వెళ్ళండి అనకూడదు. రేపు ప్రతి ఇంట్లోనూ మనం పక్కన నిలబడి చెప్పలేం కదా. స్క్రీను ఆడేవాళ్ళ వైపు ఉంటుంది. మనం దాని వెనక నిలబడి వాళ్ళ ముఖం చదువుకోవాలి. ఇది నాకు చెప్పలేదు. మొదటివాడు బొత్తాం మీద వేలు పెట్టగానే, "ఆగవయ్యా, ఆగు, ఆయన ఇంకా చెప్తున్నాడు!" అని అరిచాను. అతను హెడ్‌ఫోన్లు తీసి పారిపోయాడు. చెల్లెలు నన్ను మంచినీళ్ళ సీసాలు తేవడానికి పంపింది. ఆ మూడురోజుల్లో నేను తెచ్చినన్ని నీళ్ళు ఏ ఏనుగూ తాగి ఉండదు.

తొందరగాళ్ళు చాలామందే వచ్చారు. "ఇది... బాగు..." అనగానే టక్కున నొక్కి, నవ్వుకుంటూ, ఆట చివరిదాకా ఆడి వెళ్ళారు. బొత్తాం మీంచి వేలు తీసి ఆగినవాళ్ళూ ఉన్నారు. చెల్లెలు గుడ్లప్పగించి చూసింది వాళ్ళనే. వాళ్ళు ముందుకు వంగేవాళ్ళు, ముఖం మెత్తబడేది. తర్వాత ఒక్కసారిగా ఏదో పోగొట్టుకున్నవాళ్ళలా అటూ ఇటూ చూసి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్కరంటే ఒక్కరు కూడా ఆగి ఆ మాట చివరిదాకా విన్న జాడ లేదు. ఒక పెద్దావిడ మాత్రం పోతూ పోతూ, "చిన్నదైనా బాగుందమ్మా" అంది.

"చిన్నదా? గంటసేపు ఆడొచ్చు కదే ఇది" అన్నాను నేను.

"మర్యాదకి అంటారు అన్నయ్యా. విసుగొచ్చిందని ముఖం మీద ఎవరంటారు?"

రెండోరోజు సాయంత్రానికి ఆమె ముఖం వాడిపోయింది. కారులో కూర్చున్నాక సీటుబెల్టు కూడా పెట్టుకోకుండా, "తీసేస్తాను" అంది. "నాకు నాన్న కాబట్టి ఆగాను. వాళ్ళకేం పట్టింది?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. "తీసెయ్, పీడా పోతుంది" అన్నాను. అని, దారంతా ముందు కారువాణ్ణి తిట్టాను.

"నాన్నని మాత్రం ఇక్కడికి తీసుకురాకు" అంది ఆమె. "ఆయన గొంతు వింటూ వింటూ జనం లేచిపోవడం ఆయన చూడకూడదు."

మర్నాడు పొద్దున నేను కారు తీస్తుంటే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నేనూ..." అన్నాడు. ఆ తర్వాత మాట ఏదో ఆ చొక్కా చూస్తేనే తెలుస్తోంది. చెల్లెలు ముందే బస్సులో వెళ్ళిపోయింది. కారు నాది, నాన్న మా ఇద్దరి వాడు. ఎక్కించుకున్నాను.

మమ్మల్ని చూడగానే చెల్లెలు నావైపు చూసిన చూపుకి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. నాన్న అదేం పట్టించుకోలేదు. నేరుగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు తనే పెట్టుకున్నాడు. కంట్రోలర్‌ని, ఎవరో బాగుచెయ్యమని ఇచ్చిన వస్తువులా, తిరగేసి అడుగుభాగం చూసి, స్క్రూలు ఎన్నున్నాయో చూసుకుని, అప్పుడు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆట మొత్తంగా ఆయన అంతకుముందు చూడలేదు. కారులో చెప్పమన్న మాటలు చెప్పాడు, అంతే.

చెల్లెలు తన చోటులో, స్క్రీను వెనక నిలబడింది. నేను నాన్న వెనక నిలబడ్డాను. నీళ్ళ కోసం తిరగడమే తప్ప ఆడేవాళ్ళ వైపు నిలబడి స్క్రీను చూడడం నాకు అదే మొదటిసారి.

నాన్న బొటనవేలితో మెల్లగా నడిపించుకుంటూ మిషనుని కొట్టులోకి తెచ్చాడు. బల్ల మీద పెట్టాడు. తనలాంటి మనిషి తల ఎత్తి చూస్తే ఒక క్షణం నవ్వాడు. ఆ ముసలాయన చక్రం తిప్పాడు. పెదవులు కదిలాయి. నాన్న కంట్రోలర్ మీంచి రెండు చేతులూ తీసేసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మాట కోసం ఎలా ఆగాలో ఆయనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? పక్క బల్ల దగ్గర కార్లు గుద్దుకుంటున్నాయి. నాన్న కదలకుండా కూర్చున్నాడు.

స్క్రీను నల్లబడింది. తర్వాత ఆట పేరు వచ్చింది, మళ్ళీ మొదటినించీ.

ఏ వైరో నా కాలికి తగిలి ఊడిందనుకుని కిందికి చూసుకున్నాను. నాన్న హెడ్‌ఫోన్లు తీశాడు. స్క్రీను మీదుగా చెల్లెలి వైపు చూశాడు. నోరు తెరిచాడు. మేమిద్దరం ఆగాం. నిజంగానే ఆగాం, నాతో సహా.

"నేను... మొత్తం... చెప్పాను కదా... అమ్మలూ."

ఆ గొంతులో కోపం లేదు. అదే ఘోరం. కొట్టులో ఎవరో తన మాట అందుకున్నప్పుడు తల ఊపుతాడే, అలా ఉంది ఆయన ముఖం.

"మొత్తం ఉంది నాన్నా! నేనేం తియ్యలేదు!" చెల్లెలు బల్ల చుట్టూ తిరిగి పరుగెత్తుకొచ్చింది. "అన్నయ్యా, ఏమైంది? ఏం కనిపించింది?"

"ఏముందీ, మధ్యలోనే పేరు వచ్చేసింది."

"ఎవరైనా నొక్కారా?"

"ఎవరు నొక్కుతారు? ఆయన చేతులు మోకాళ్ళ మీదున్నాయి."

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏమిటని నేను గద్దిస్తే చెప్పింది.

ప్రదర్శనల్లో ఇంకో పద్ధతి ఉందట. ఆడేవాళ్ళు మధ్యలో వదిలేసి వెళ్ళిపోతూ ఉంటారు. తర్వాత వచ్చినవాళ్ళకి ఆట మొదటినించీ కనిపించాలి. అందుకని ఒక నిమిషం పాటు ఎవరూ ఏమీ నొక్కకపోతే మనిషి లేడని లెక్కవేసి, ఆట తనంతట తనే మొదటికి వెళ్ళిపోయేలా పెడతారు. అనుభవం ఉన్నవాళ్ళందరూ చెప్పే మొదటి జాగ్రత్త అదే. ఆమె కూడా బయలుదేరే ముందు శ్రద్ధగా పెట్టింది. ఆట తెరిచి, లేచి వెళ్ళి, టీ పెట్టుకుని వచ్చి, పేరు కనబడగానే సరిగ్గా పనిచేస్తోందని సంతోషించింది. నాన్న మౌనం అంతకంటే పెద్దదన్న సంగతి ఆ క్షణాన గుర్తురాలేదు.

అంటే తొందరగాళ్ళకి ఆట అంతా దక్కింది. ఎవరైతే చెయ్యి తీసేసి, ఆ ముసలాయన చెప్పేది విందామని కూర్చున్నారో, సరిగ్గా వాళ్ళనే ఆట మనుషులు కారనుకుని బయటికి పంపేసింది. అయిపోయింది కాబోలనుకుని వాళ్ళు లేచి వెళ్ళారు. పెద్దావిడ చిన్నదైనా బాగుందన్నది అబద్ధమూ కాదు, మర్యాదా కాదు. ఇదంతా స్క్రీనుకి ఇవతల జరిగింది. మేము అవతల నిలబడి ముఖాలు చదువుకుంటున్నాం.

చెల్లెలు ఏడుస్తూనే ల్యాప్‌టాప్ తెరిచింది. ప్రోగ్రాములో ఒక్క వరసే తియ్యాల్సింది, తీసేసింది. "నాన్నా, ఇంకోసారి కూర్చుంటావా?" అంది. ఆయన కూర్చున్నాడు. ఈసారి ఆమె స్క్రీను వెనక్కి వెళ్ళలేదు. ఆయన కుర్చీ పక్కనే నిలబడింది. ఆ మాట అంతా వచ్చింది. "మెల్లగా... తొక్కు" దగ్గర నాన్న తొడ మీద చరుచుకుని, నన్ను చూపించి, భుజాలు ఊగేలా నవ్వాడు. ఆ మాట నాకు తగులుతుందనట. తగిలితే తగిలింది.

కత్తెరబాబు చెప్పిన వేళకే వచ్చాడు. నాన్నకి నమస్కారం పెట్టాడు, ఆయనెవరో తెలియకుండానే. కూర్చుని ఆడాడు. "ఇది... బాగు..." దగ్గర కాసేపు ఆగాడు, కాదనను. తర్వాత జేబులో ఫోను మోగింది. వేలు దానంతటదే బొత్తాం మీదికి వెళ్ళింది. స్క్రీను మీద "బాగుపడదంటారా?" అని రాగానే ఆయన నవ్వాడు.

"చూశారా? నేననేది ఇదే. నాకు ముందే తెలిసి కూడా ఆగలేకపోయాను. ఇంక ఎవరు ఆగుతారమ్మా?"

"ఆగుతారండి," అంది చెల్లెలు. "రెండురోజులుగా ఆగుతూనే ఉన్నారు. నేనే వాళ్ళని ఉండనివ్వలేదు."

జరిగింది చెప్పింది. ఆయన విన్నాడు. ఆ ఆగినవాళ్ళు ఎంతమంది అన్నాడు. తెలియదంది. తెలియని మనుషుల్ని చూపించి మా కంపెనీని ఒప్పించలేను కదా అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉందని నాకు తెలుసు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"ఒప్పించొద్దులెండి. నేను తియ్యను," అంది.

నేను ఆమె చేతివైపు చూశాను, బల్లగుడ్డ అంచుని నలిపేస్తోంది. కొన్నేళ్ళ పని ఆ ఒక్క మాట మీద ఉంది. ఆయన విచారంగానే తల ఊపి, మనసు మారితే చెప్పమని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత హాలు మూసేదాకా ఇంకొందరు ఆడారు. కొందరు నొక్కారు. కొందరు ఆగారు, విన్నారు. ఒకతను విన్నాక లేవకుండా అలాగే కూర్చుని, మా ఇంట్లో కూడా ఉన్నారండీ ఇలా ఒకరు, అని మాత్రం చెప్పి వెళ్ళాడు. ఆట ఏమవుతుందో మాకెవరికీ తెలియదు. ఈ రాసేనాటికీ తెలియదు.

సామాను డిక్కీలో వేసుకుని బయలుదేరాం. నాన్న ముందు సీట్లో, చెల్లెలు వెనక, రికార్డు చేసినప్పుడు కూర్చున్నట్టే. పెద్ద కూడలిలో ఎర్రదీపం పడింది. చెల్లెలు ముందుకు వంగి, "నాన్నా, నీ మాట అలాగే ఉంచేశాను. సరేనా?" అంది.

నాన్న ఆలోచించాడు. "ఇం..." అన్నాడు.

ఇంటికి పోదాం అంటాడని నా నోటిదాకా వచ్చింది. మింగాను. పచ్చదీపం పడింది. పచ్చదీపం పడ్డాక క్షణం ఆలస్యం చేసిన శిష్యుల్ని నేనేం చేస్తానో ఊళ్ళో అందరికీ తెలుసు. వెనక ఒక హారను, దాని వెనక ఇంకోటి, తర్వాత వరసంతా మోగింది. ఎవరో నా స్కూలు బోర్డు పేరుపెట్టి మరీ తిట్టారు. నేను బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. చెల్లెలు అద్దాలు ఎక్కించింది.

"ఇంకోసారి... చెప్పనా... అమ్మలూ?" అన్నాడు నాన్న. "మొన్న... మైకులో... కాస్త... తొందరపడ్డాను."